సోల అంటే కొలతా, ఓటమా?

ఇది జరుగుతున్న రోజుల్లోనే రాసిపెట్టి ఉంటే బాగుండేది. కానీ అప్పటికి నాకు గుణింతాలు మాత్రమే నడుస్తున్నాయి, ఒత్తులు రాలేదు. ఒత్తులు రాకుండా మా ఆయన గురించి రాయడం కుదరదు. గుర్రు, మొండిపట్టు, గొప్పలు. ఆయన గురించి చెప్పాల్సిన ఏ మాట తీసుకున్నా ఒత్తు ఉండి తీరుతుంది.

అంతకు ముందైతే అసలు అక్షరమే రాదు. చిన్నప్పుడు మేకల వెంట తిరిగాను. పెళ్ళై కన్నడం వాళ్ళ బొమ్మనహళ్ళికి వచ్చాక గార్మెంట్స్‌లో చొక్కాలకు మిగిలిపోయిన దారాలు కత్తిరించే పని. అది మానేశాక మా వీధి చివర ఒక నర్సమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమెది ఆంధ్రా. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. మధ్యాహ్నం పూట మాలాంటి ఆడవాళ్ళను నలుగురైదుగుర్ని పోగేసి పలకలు ఇచ్చింది.

మొదటి రోజు పలక చంకన పెట్టుకుని ఇంటికొస్తే మా ఆయన అడిగాడు.

"ఇప్పుడు నేర్చుకోని ఎవురికి జాబు రాస్తావే?"

"జాబెవరికి రాస్తా? నీ మీదనే రాస్తా."

"రాయి, రాయి. నేను అక్షరంలో పట్టే మనిషినేనా, చూద్దాం."

ఆయన జిగణి ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసి రిటైరైనవాడు. ఇనుప కడ్డీని వెంట్రుకంత తేడా లేకుండా తరిగేవాడినని ఇప్పటికీ చెబుతాడు. ఆ కడ్డీలు ఇప్పుడు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు కాబట్టి కాదనేవాళ్ళు లేరు. రిటైరైన కొన్నాళ్ళకు ఒక పొద్దున కుడిచేతి వేళ్ళు ఆయన మాట వినడం మానేశాయి. చిన్న స్ట్రోకు అన్నారు ఆసుపత్రిలో. కాలు నిలిచింది, మాట నిలిచింది. మాట నిలవాలని నేను ప్రత్యేకంగా ఏ దేవుడికీ మొక్కుకోలేదు, అయినా నిలిచింది. చేయి మాత్రం మొద్దుబారింది.

వేళ్ళకు వ్యాయామం చెప్పే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ పిసకమంది. ఆయన రెండు రోజులు పిసికి, "నేనేమన్నా పసిబిడ్డనా?" అని దాన్ని బీరువా పైకి విసిరేశాడు. బంతికి బదులు పని చెప్పింది మా మనవరాలు. కొడుకు కూతురు, కాలేజీలో చదువుతుంది, మధ్యాహ్నానికే ఇంటికొస్తుంది. కొడుకూ కోడలూ పనికి పోతారు, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆ పిల్ల టీవీకి తగిలించి ఒక కొట్లాట ఆట ఆడుతుంది. తెర మీద ఇద్దరు నిలబడతారు, ఒకరినొకరు కొట్టుకుంటారు. ఎవరి పైన ఉన్న ప్రాణం గీత ముందుగా అయిపోతే వాళ్ళు పడిపోతారు. చేతిలో ప్యాడ్ అని ఒకటి ఉంటుంది, దాని నిండా బొత్తాలు. ఎదుటివాళ్ళు మన ఇంట్లో ఉండరు. ఏ ఊళ్ళోనో వాళ్ళ టీవీ ముందు వాళ్ళు కూర్చుని ఉంటారు. మా పిల్ల అందులో గట్టిది. తనతో ఆడాలంటే కాలేజీలో మగపిల్లలు జంకుతారట. ఇంట్లో మాత్రం పాలు పొంగితే స్టవ్ కట్టేయడానికి జంకుతుంది.

"తాతా, దీన్ని పట్టుకో. బంతికన్నా మేలు. అన్ని వేళ్ళకూ పని ఉండాది," అని ప్యాడ్ ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ముందు తన తరఫున కొట్లాడే మనిషిని ఎంచుకోవాలి. కండలవాళ్ళు, ముసుగువాళ్ళు, సుమో మనుషులు ఎందరో ఉన్నారు. అందర్నీ దాటుకుంటూ పోయి, పచ్చ చొక్కా తొడుక్కున్న పొట్టి జుట్టు పిల్ల దగ్గర ఆగాడు.

"ఈ వయసులో ఆ పిల్లెందుకయ్యా నీకు?" అన్నాను.

"దానిది అంతా కాలితోనే కొట్టుడే. నా చేయి సరిగా లేదు కదా."

ఆ జవాబులోని తర్కం నాకు ఇంతవరకూ అంతుపట్టలేదు.

ఈ ఆటలో ఆడేవాళ్ళ పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. అంకెను బట్టి మెట్లు: ఇనుము, కంచు, వెండి, బంగారం, ఆపైన నా నోరు తిరగనివి మరికొన్ని. మొదట కొన్ని ఆటలు ఆడించి నీది ఏ మెట్టో మిషనే తేలుస్తుంది. ఆయన ఆడాడు. మిషను తేల్చింది. ఇనుము, అందులోనూ అడుగు.

"జన్మంతా ఇనుముతో పని చేస్తి. ఇప్పుడు నేనే ఇనుమంటనా?"

"తుప్పు పట్టినావు కదయ్యా, అది కనిపెట్టేసింది," అన్నాను.

"బాధ పడాకు తాతా," అంది మనవరాలు. "ఇంగ మీద నీకు సమానమైనోళ్ళనే తెచ్చి ముందర నిలబెడుతుంది."

"నాకు సమానం ఎవుడుంటాడు?"

"ఇంకో ఇనుము."

అలా మొదలైంది. పొద్దున టిఫిన్ కాగానే కూర్చునేవాడు. అంకె నాలుగు పెరిగితే ఇల్లంతా తెలియాలి, వీధి కూడా తెలియాలి. కూరగాయల తోపుడుబండి ఆయన వస్తే వంకాయల ధర అడగకుండా తన అంకె చెప్పేవాడు. ఆ మనిషి కొన్నాళ్ళు విని, ఒక రోజు దిగులుగా నాతో అన్నాడు: "ఏమక్కా, అన్నకు బీపీ దినదినం ఎక్కుతా ఉండాదే. ఉప్పు తగ్గించండప్పా."

మేం నవ్వాం కానీ ఆయన విషయంలో అది బీపీ లాంటిదే. ఆయన చూస్తున్నది ఆట కాదు, తన చేయి. చెయ్యి బాగవుతోందా లేదా అని చెప్పడానికి ఆయనకు దొరికిన కొలత ఆ అంకె ఒక్కటే. డాక్టరు "పరవాలేదు" అంటాడు, కొడుకు "బాగుంది నాన్నా" అంటాడు, ఇవి ఎవరైనా అనే మాటలు. మిషనుకు మొహమాటం లేదు. అంకె పెరిగిన రోజు అన్నం కుడిచేత్తో కలిపేవాడు. తగ్గిన రోజు ఎడమ చేత్తో చెంచా పట్టేవాడు. నేను కంచం పెట్టేముందు టీవీ చూసి, చెంచా పెట్టాలో వద్దో తెలుసుకునేదాన్ని.

ఒక రోజు వరసగా ఓడిపోయి ముఖం వేలాడేశాడు. మనవరాలు సర్దిచెబుతోంది.

"సోలు అయితే ఏమైంది, బిడు తాతా, వదిలేయి. సోలు అయితేనే కదా నువ్వెంతో మిషనుకు తెలిసేది."

నేను వంటింట్లోంచి కేక వేశాను. "సోలా? ఇప్పుడు సోల యాడిది? ఊర్లోనే ఇచ్చేస్తిమి కదా!"

మా వైపు సోల అంటే రాగులో బియ్యమో కొలుచుకునే చిన్న పాత్ర. మనవరాలు ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, స్నేహితులందరూ కన్నడం వాళ్ళు. కన్నడంలో సోలు అంటే ఓడిపోవడం. మా ఇంట్లో తెలుగూ కన్నడమూ ఒకే కంచంలో తింటాయి కాబట్టి, ఆ పిల్లకు ఏ మాట ఎవరిదో తెలియదు. సోల అంటే ఏమిటో నేను చెప్పాను. సోలు అంటే ఏమిటో తను చెప్పింది.

"బలే ఉండాదే అవ్వా, రెండూ ఒకటే," అంది. "గెలుస్తా ఉంటే మిషనుకు మన గురించి ఏమీ తెలీదు. పైకి పంపిస్తానే ఉంటుంది. యాడ ఓడిపోయేది మొదలవుతుందో, అదే మన కొలత."

"అంటే మీ తాతను యాడ తంతారో, అదే మీ తాత కొలత."

"అట్లనే అనుకో."

"తన్నించుకునేదానికి ఇంత లెక్కా?" అన్నాడు ఆయన. కానీ ఆ పూట చెంచా అడగలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక వింత మొదలైంది. మధ్యాహ్నం నేను నర్సమ్మ దగ్గరికి పోతాను, ఆయన పడుకుంటాడు. సాయంత్రం లేచి టీవీ పెట్టి చూస్తే, పొద్దున వదిలిన అంకె కన్నా ఎక్కువ ఉండేది.

"ఇదెట్లా?" అని మనవరాలిని అడిగాడు.

"పొద్దున నువ్వు బాగా కొట్టినావు కదా తాతా. ఆ లెక్క నిదానంగా పడుతుంది."

ఆయనకు ఏ అనుమానమూ రాలేదు. "జిగణిలో ఓవర్‌టైం కూడా ఇట్లనే లేటుగా పడుతుండె," అన్నాడు. నాకూ అనుమానం రాలేదు. మా ఇద్దరికీ ఆ ఓవర్‌టైం సంగతి బాగా గుర్తుంది మరి.

కంచు వచ్చింది. ఆ రోజు తీపికి కేసరి బాత్ చేయమన్నాడు, చేశాను. వెండి కూడా వచ్చింది. తోపుడుబండి ఆయనకు చెబుదామని గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ మనిషి అంకె విని కొత్తిమీర ఉచితంగా ఇచ్చి, "మంచి డాక్టరుకు చూపించండి," అని పోయాడు.

అయితే వెండిలోకి వచ్చాక ఒక్క ఆట కూడా గెలవలేదు. ఎదుటివాడు కదిలింది కంటికి కనిపించకముందే పచ్చ చొక్కా పిల్ల గాల్లో ఉండేది, తలకిందులుగా. ఆయన బొత్తాం నొక్కేసరికి కిందికి వచ్చేది, అంతలో మళ్ళీ పైకి పోయేది. వరసగా పూటలు పూటలు ఇదే. ఓడితే అంకె తగ్గాలి, పొద్దున తగ్గేది కూడా. సాయంత్రానికి మళ్ళీ లేచి కూర్చునేది. ఆయనకు ఇప్పుడు అంకె మీద ధ్యాస లేదు. బొత్తాల మీద ఉన్న తన వేళ్ళనే చూసుకుంటున్నాడు.

"చెయ్యి పోయిందే," అన్నాడు ఒక రోజు. "ఇన్నాళ్ళూ వచ్చింది అనుకుంటి. పోతా ఉండాది."

ప్యాడ్‌ను బీరువా మీద బంతి పక్కన పెట్టేశాడు. వ్యాయామాల అమ్మాయి దగ్గరికి రానన్నాడు. కంచం ముందు కూర్చోగానే చెంచా కోసం ఎడమచేయి చాచేవాడు.

నేను ఊరుకోలేక, "ఏమయ్యా వెండి దొరా, ఈ పూట కొలువు లేదా?" అన్నాను.

బదులు చెప్పలేదు. నా కాపురంలో ఆయన నా మాటకు బదులు చెప్పకపోవడం అదే మొదలు. ఆసుపత్రిలో కూడా నేను అంత భయపడలేదు.

మర్నాడు నర్సమ్మ ఇంటికి చుట్టాలు వచ్చారు, పలకలు చంకన పెట్టుకుని అందరం వెనక్కి మళ్ళాం. నేను ఇంటికొచ్చేసరికి లోపలి గదిలో ఆయన గుర్రు వినిపిస్తోంది. ముందుగదిలో మనవరాలు టీవీ సౌండు తీసేసి ఆడుకుంటోంది. మామూలుగా అయితే చూసి లోపలికి పోయేదాన్నే. కానీ తెర మీద ఎగిరెగిరి తంతున్నది పచ్చ చొక్కా పిల్ల.

"నీది ముసుగు మనిషి కదమ్మీ," అన్నాను. "ఆ పిల్ల మీ తాతది కదా?"

ఉలిక్కిపడింది. "సుమ్నె అవ్వా… ఊరికే."

"ఊరికే ఆడితే సౌండు ఏంటికి తీస్తివి?"

చివరికి చెప్పేసింది. తాత పేరు మీద మధ్యాహ్నాలు తనే ఆడుతోంది. మొదట ఒకటి రెండు ఆటలు, ఆయన ముఖం వెలగడం చూడాలని. తర్వాత కంచు దాకా, ఆపైన వెండి దాకా.

"ఇప్పుడు ఆడేది మానేసినాడు కదా అవ్వా. బంగారం చేసి చూపిస్తే మళ్ళీ ఆడతాడని…"

"బంగారంలో ఎట్లాంటోళ్ళు ఉంటారు?" నేను మామూలుగానే అడిగాను, తెలియక.

"ఇంచుమించు నా మాదిరోళ్ళు. వెండి పైమెట్టు నుంచే…" అని ఆగిపోయింది. ప్యాడ్ ఒళ్ళో పడింది. తెర మీద పచ్చ చొక్కా పిల్లను ఎవడో చితకబాదుతున్నాడు, అటు చూడనే లేదు. "అయ్యో అవ్వా. తాత నెత్తిన నా కొలత పెట్టినా. మిషను అది చూసి నా మాదిరోళ్ళను తెచ్చి ఆయన మీదికి తోలతా ఉండాది."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ ఏడుపు తాత ముందర ఏడుద్దువు," అన్నాను. "ఇప్పుడే అయిపోగొట్టాకు."

ఆయన లేచి కాఫీ తాగేదాకా ఆగాం. మనవరాలు నేల మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పింది. ఓవర్‌టైం లెక్క అబద్ధమని కూడా చెప్పింది. ఆయన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒకసారి ముడిచి, మళ్ళీ తెరిచి చూసుకున్నాడు.

"అయితే నన్ను తన్నినోళ్ళంతా నీ మాదిరోళ్ళా?"

"అవును తాతా."

"వాళ్ళలో ఇనుము ఒక్కడూ లేడా?"

"ఒక్కడూ లేడు."

"వింటివా మే?" అన్నాడు నాతో. చాలా రోజుల తర్వాత గొంతు పెరిగింది. మరుక్షణం దేనికో నొసలు ముడిచాడు. "మరి కంచుకు కేసరి బాత్ తింటి కదా. అదెవరిది?"

"అది పాపది," అన్నాను.

"ఇప్పుడేం చేసేది? కక్కేదా?"

మనవరాలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "కొత్త పేరు పెట్టి మొదటి నుంచి ఆడదాం తాతా. ఇది తీసేస్తా," అంది.

"ఏంటికి? ఎక్కించింది నువ్వు. దిగేది నేను దిగతా. ఆ ప్యాడ్ తీయి." తీసి ఇచ్చింది. పట్టుకుని, కాస్త మెల్లగా అన్నాడు: "దిగినంక కూడా ఓడితే?"

ఇనుములో మళ్ళీ ఇనుము చేతిలోనే ఓడితే చెయ్యి నిజంగానే పోయినట్టు. అప్పుడు చెప్పడానికి పాప తప్పు కూడా మిగలదు.

మొదటి ఆట నిమిషం కూడా పట్టలేదు. పచ్చ చొక్కా పిల్ల గాల్లోకి పోయి, వచ్చి, పడుకుంది. అంకె తగ్గింది.

"లాభం!" అని అరిచాడు ఆయన.

"ఓడిపోయి లాభమంటావేంది తాతా?"

ఆయన చెప్పాడు. ఊళ్ళో కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు వాళ్ళ నాయన మొదటి కొలతను ఒకటి అనేవాడు కాదట. లాభం అని మొదలుపెట్టి, తర్వాత రెండు అనేవాడట. నేనూ విన్నాను చిన్నప్పుడు, మా వైపు అందరూ అలాగే కొలిచేవాళ్ళు. తాత వెక్కిరిస్తున్నాడు అనుకుంటున్న పిల్లకు అది కొలత మొదలని తెలిసేసరికి నవ్వాగలేదు.

రెండో ఆట పోయింది. "రెండు!" అన్నాడు. ఒకసారి ప్యాడ్ ఒళ్ళో పెట్టేసి ఊరికే కూర్చున్నాడు, ఎదుటివాడు కొట్టిపోనీ అని.

"అట్ల చేయాకు తాతా," అంది మనవరాలు. "కావాలని ఓడితే అదీ తప్పు కొలతే. నేను చేసిందే నువ్వు తలకిందులుగా చేసినట్ల."

దాంతో ఆయన మళ్ళీ ముందుకు వంగాడు. ప్రతి ఆటా గెలవాలనే ఆడాడు, ప్రతి ఆటా ఓడాడు, ప్రతిసారీ గట్టిగా లెక్క చెప్పాడు. కొంతసేపటికి ముగ్గురం లెక్క తప్పాం. వెండి పోయి కంచు వచ్చింది. మెరుపుల్లా కనిపించకుండా పోయే ఎదుటివాళ్ళు ఇప్పుడు కంటికి కనిపిస్తున్నారు. ఆటలు కాస్త పొడుగయ్యాయి. ఆయన చొక్కా వీపున చెమట పట్టింది. నేను పొయ్యి మీద అన్నం పెట్టి మరిచిపోయాను.

కంచు కింది మెట్టులో ఒకసారి పచ్చ చొక్కా పిల్ల ఎదుటివాణ్ణి తన్నింది. వాడు లేచాడు, మళ్ళీ తన్నింది. వాడు లేవలేదు.

ఆయన లెక్క చెప్పడమే మరిచిపోయాడు. తర్వాతి ఆట ఓడాడు. ఆ తర్వాతది గెలిచాడు. అంకె కిందికి పోతుంది, పైకి వస్తుంది, ఆ చుట్టుపక్కలే తిరుగుతోంది. ఇంకా కిందికి పోవాలని ఆయన ఎదురుచూస్తున్నాడు.

"ఇనుము ఇంగా రాలేదేంది పాపా?"

"రాదు తాతా."

"యాల రాదు?"

"ఈడ గెలుస్తావు, ఈడ ఓడతావు. నీ సోల ఈడుండాది. నేను ఎక్కించేదానికి ముందర నువ్వుండింది ఇనుములో. నీ అంతట నువ్వు దానికన్నా పైకి వచ్చినావు."

ఆయన ప్యాడ్ కింద పెట్టి, కుడిచేతిని ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకున్నాడు, సంతలో కొనబోయే వస్తువును చూసినట్టు. కొడుకూ కోడలూ పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నారు. ఇంట్లో అన్నం మాడిన వాసన. ఆయన వాళ్ళతో ఏమీ అనలేదు, అంకె చెప్పలేదు, కేసరి బాత్ అడగలేదు. "మే, వాసన వస్తా ఉండాది, చూడు," అని మాత్రం నాతో అన్నాడు, అదేదో నా తప్పైనట్టు.

అది అనపకాయల కాలం. పడుకునేముందు ఒలిచిన గింజలు నీళ్ళలో నానేశాను. మర్నాడు పొద్దున వాటిని వడగట్టి, చాటలో పోసి, ఖాళీ గిన్నెతో సహా తెచ్చి ఆయన ముందు పెట్టాను. పితికిపప్పుకు ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే, తోలు వేళ్ళలో మిగిలి పప్పు జారి గిన్నెలో పడాలి.

"ఎడమచేత్తో కాదు," అన్నాను.

"కంచు మనిషికి చెప్పే పనా ఇది?" అంటూనే ఒక గింజ తీసుకున్నాడు. అది గిన్నె దాటి, టీవీ దాటి, గుమ్మం బయట పడింది. నేను చాటను ఇంకాస్త ఆయన వైపుకు జరిపి, తిరగమాతకు ఆవాలు తీయడానికి లోపలికి పోయాను.